ముందు డ్రమ్ము, తర్వాత మోటారు

ప్రశ్న: అన్నా, మాది రాయచోటి దగ్గర పల్లె. మా ఆయన కువైట్‌లో ఉంటాడు. చేను నేనూ మా అత్తా చూసుకుంటాం. ఒక ఎకరంలో నలభై మామిడి చెట్లు, ఒక ఎకరంలో టమోటా, ఇంకో ఎకరం వానకు చెనిక్కాయ. బోరు 420 అడుగులు, మోటారు 300 అడుగుల దగ్గర ఉంది. నీళ్లు రెండించులు అంటారు. కరెంటు స్తంభాలు మా చేనికి కిలోమీటరు అవతలే ఆగిపోయాయి. కనెక్షన్‌కు పేరు రాయించి మూడేళ్లయింది. అందాకా జనరేటర్ బాడుగకు తెచ్చి తోడుతున్నాం. ఎండాకాలంలో టమోటా అమ్మిన డబ్బు డీజిల్‌కే పోతోంది. సోలార్ మోటారు వేయించాలని ఉంది. అమ్మేవాళ్లు 5 హెచ్‌పీ అంటున్నారు. పక్కచేని మామ "సబ్సిడీ ఎట్లాగూ వస్తుంది కదా, ఏడున్నరే వేయించు" అంటున్నాడు. డ్రిప్పుకు సోలార్ ప్రెషర్ చాలదని ఇంకొకరి మాట. ఎవరి మాట వినాలి? కరెంటు కోసం ఇంకా ఆగాలా? ఇంకో బోరు వేయించాలా? ఫోన్లో ఒక లింకు వచ్చింది, రిజిస్ట్రేషన్‌కు ఐదు వేలు కట్టమంటున్నారు. కట్టనా? పాసుపుస్తకం మా అత్త పేరు మీద ఉంది.

సమాధానం: చెల్లెమ్మా, మీ ఆఖరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తా. ఆ లింకులో ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. సోలార్ పంపులకు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎం కుసుమ్ పేరుతో నకిలీ వెబ్‌సైట్లు పెట్టి రైతుల దగ్గర రిజిస్ట్రేషన్ డబ్బులు గుంజుతున్నారని కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖే పలుసార్లు హెచ్చరించింది. లింకు పంపినవాళ్లు మళ్లీ ఫోన్ చేసి "ఈరోజే ఆఖరు" అని టెన్షన్ పెడతారు. పెట్టనీయండి. మీరు వెళ్లాల్సింది రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ నెడ్‌క్యాప్ జిల్లా ఆఫీసుకో, మీ కరెంటు ఆఫీసు ఏఈ దగ్గరకో. అక్కడ ఈ ఏడాది సోలార్ పంపులకు టార్గెట్ ఉందా, మీ మండలం అందులో ఉందా అని అడగండి. పాసుపుస్తకం అత్తమ్మ పేరున ఉంటే దరఖాస్తు కూడా ఆమె పేరునే పెట్టించండి. ఆధార్, బ్యాంకు ఖాతా కూడా ఆమెవే ఉండాలి. సోలార్ కోసమని పాసుపుస్తకం మార్పించే పని పెట్టుకుంటే అదొక ఏడాది తింటుంది.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో 5, ఏడున్నర అని హెచ్‌పీల మాట వచ్చింది. బోరు గంటకు ఎన్ని లీటర్లు ఇస్తుందో మాత్రం లేదు. "రెండించులు అంటారు" అని రాశారు. ఎవరంటారు? బోరు వేసిన రోజు బండి కంప్రెసర్ కొడుతుంటే చూసినవాళ్లా? ఆ రోజు చూసిన నీళ్లను పెళ్లిచూపుల నాటి మాటల్లా తీసుకోవాలి. మనకు కావలసింది ఏప్రిల్ లెక్క.

రెండు వందల లీటర్ల డ్రమ్ము ఒకటి తీసుకోండి. ఈసారి జనరేటర్ తెచ్చినప్పుడు మోటారు వేసి, గంటసేపు ఆగి, అప్పుడు డెలివరీ పైపు డ్రమ్ములో పెట్టి ఫోన్లో టైము చూడండి. వేసిన వెంటనే చూస్తే బోరు మిమ్మల్ని మోసం చేస్తుంది. ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకు దాదాపు ఆరున్నర లీటర్ల నీళ్లు నిలవ ఉంటాయి. నీళ్లు 130 అడుగుల దగ్గర నిలబడి, మోటారు 300 దగ్గర ఉందనుకుంటే, మధ్యలో ఉన్న నిలవే 1,100 లీటర్లు. అంటే మొదటి ఐదు డ్రమ్ములు బోరు సంపాదన కాదు, దాచుకున్న సొమ్ము. అది అయిపోయాక రాతి సందుల్లోంచి ఊరేదే మీ అసలు ఆదాయం.

నాలుగు నిమిషాలకు డ్రమ్ము నిండితే గంటకు 3,000 లీటర్లు. V ఆకారపు గాటున్న వీనాచ్ పలక మీద కొలిచే రెండించులు కూడా సుమారు అంతే. ఈ జవాబంతా ఆ 3,000 మీదే రాస్తున్నా. మీ డ్రమ్ము వేరే లెక్క చెబితే దాన్నిబట్టి మార్చుకోండి. అదే రోజు నీటి మట్టం కూడా చూడండి: మోటారు వేయకముందు ఎన్ని అడుగులు, రెండు గంటలు తోడాక ఎన్ని అడుగులు. సన్నటి తాడుకు చిన్న బోల్టు కట్టి దించితే తెలుస్తుంది. కేబులుకు చుట్టుకోకుండా నిదానంగా దించాలి. మోటారు మెకానిక్ ఎవరైనా పక్కనుంటే మేలు.

రెండో లెక్క ఎందుకంటే, నేను అక్కడే దెబ్బతిన్నా. మా చేనిలో సోలార్ వేయించినప్పుడు "నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయి?" అని అడిగారు. తొంభై అన్నాను. అబద్ధం కాదు, పొద్దున్నే మట్టం తొంభైలోనే ఉండేది. తోడటం మొదలుపెడితే ఎండాకాలంలో రెండు వందలకు దిగిపోతుందని నేను చెప్పలేదు, వాళ్లు అడగలేదు. 50 మీటర్ల ఎత్తుకు సరిపోయే పంపు దించి వెళ్లారు. చలికాలమంతా బ్రహ్మాండంగా పోసింది. మార్చి వచ్చేసరికి పదకొండు నుంచి రెండింటి దాకా తప్ప నీళ్లు లేవు. ప్యానెళ్లు కడిగాను, కంట్రోలర్‌ను అనుమానించాను, కంపెనీ వాళ్లను తిట్టాను. చివరికి పంపే పొట్టిదని తేలింది. సొంత ఖర్చుతో మార్పించుకున్నా. ఆ ఏడాది చెనిక్కాయ డబ్బు దానికే పోయింది.

కాబట్టి 3 హెచ్‌పీ అంటే అన్నీ ఒకటే అనుకోవద్దు. అదే 3 హెచ్‌పీలో 30 మీటర్లకు ఎక్కువ నీళ్లు పోసేవి ఉంటాయి, 100 మీటర్లకు తక్కువ నీళ్లు పోసేవీ ఉంటాయి. తేడా పంపులోని స్టేజీల్లో, అంటే నీళ్లను పైకి నెట్టే చక్రాల వరుసల్లో ఉంటుంది. మీకు తోడేటప్పటి మట్టం 200 అడుగులనుకుందాం, అంటే 60 మీటర్లు. డ్రిప్పుకూ ఫిల్టరుకూ కలిపి ఒకటిన్నర కిలో ప్రెషర్ కావాలి, అది 15 మీటర్ల ఎత్తుతో సమానం. పైపుల్లో రాపిడికి ఇంకో ఐదు. మొత్తం 80 మీటర్లు. గంటకు 3,000 లీటర్లను 80 మీటర్లు ఎత్తడానికి నికరంగా పట్టే శక్తి 650 వాట్లే. కానీ చిన్న సబ్‌మెర్సిబుల్ మోటారూ పంపూ కలిసి, తీసుకున్న కరెంటులో నలభై శాతమే నీళ్లకు ఇస్తాయని లెక్కేయండి. అంటే 1,600 వాట్లు కావాలి. 3 హెచ్‌పీ అంటే 2,200 వాట్లు. దానికి ఇచ్చే ప్యానెళ్లు 3,000 వాట్లు. ప్యానెల్ మీద రాసినంత కరెంటు మన ఎండలో ఎప్పుడూ రాదు. 25 డిగ్రీల మీద ప్రతి డిగ్రీకీ 0.4 శాతం చొప్పున తగ్గుతుంది. మేలో ప్యానెల్ ఒళ్లు 60 డిగ్రీలు దాటుతుంది, దాంతోనే 14 శాతం పోయింది, మిగతాది దుమ్ము తింటుంది. అవన్నీ పోనూ మీ బోరుకు 3 హెచ్‌పీ చాలు, మిగులుతుంది కూడా.

మరి మామ చెప్పిన ఏడున్నర పెడితే? అది అదే ఎత్తుకు గంటకు పది వేల లీటర్లు లాగగలదు. బోరు ఇచ్చేది మూడు వేలు. నిలవున్న 1,100 లీటర్లు పది నిమిషాల్లో అయిపోతాయి, తర్వాత మోటారు గాలి పీలుస్తుంది. కంట్రోలర్ బాగుంటే నీళ్లు లేవని గమనించి ఆపేస్తుంది, కాసేపాగి మళ్లీ వేస్తుంది. మధ్యాహ్నమంతా ఆగుతూ, మళ్లీ తిరుగుతూ ఉంటుంది. మట్టం అంత దడాలున పడి లేస్తుంటే సందుల్లోంచి ఇసుక, ఒండ్రు కూడా వస్తాయి. పంపూ పోతుంది, ఫిల్టరూ మూసుకుపోతుంది. సబ్సిడీ ఉంది కదా అన్న మాటకొస్తే, పెద్ద మోటారుకు మీరు కట్టే వాటా కూడా పెద్దదే. మామకు నా నమస్కారాలు చెప్పి, ఆయన బోరుకు కూడా డ్రమ్ము పట్టించండి.

డ్రిప్పుకు ప్రెషర్ చాలదన్నవాళ్ల మాటలో మాత్రం సగం నిజం ఉంది. సోలార్ మోటారు కరెంటు మోటారులా స్విచ్ వేయగానే పూర్తి వేగం అందుకోదు. ఎండను బట్టి దాని వేగం. పంపు వేగం 80 శాతానికి తగ్గితే అది నీళ్లను ఎత్తగలిగే ఎత్తు 64 శాతానికి పడిపోతుంది, వేగం వర్గాన్ని బట్టి. అందుకే పొద్దున ఎనిమిదింటికి డ్రిప్పర్లు చుక్క వేయవు, పన్నెండింటికి పైపులు ఊడొస్తాయి. జనం దీన్ని చూసి సోలార్ పనికిరాదంటారు. తప్పు సోలార్‌ది కాదు, కరెంటు మోటారు అలవాట్లు మనని వదలకపోవడం. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియక, ఉన్నప్పుడే తోటంతా ఒకేసారి తడిపేయాలని వాల్వులన్నీ తెరిచే అలవాటు మనది. సోలార్‌కు అది కుదరదు. అది రోజంతా నిదానంగా పనిచేసే మనిషి లాంటిది. ఎండ ఎక్కే కొద్దీ పని మార్చి ఇవ్వాలి.

మీ చేనికి ఎలా ఇవ్వొచ్చో చెప్తా. ఒక ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే 4,047 లీటర్లు. కాపు మీదున్న టమోటా ఏప్రిల్‌లో రోజుకు నాలుగున్నర, ఐదు మిల్లీమీటర్లు తాగుతుందనుకుంటే 18 నుంచి 20 వేల లీటర్లు. మామిడికి కాయ ఊరే రోజుల్లో చెట్టుకు వంద లీటర్ల చొప్పున 4,000. మొత్తం 22 నుంచి 24 వేలు.

ఇప్పుడు టమోటా డ్రిప్పు చూడండి. నాలుగు అడుగులకొక లేటరల్, అంటే సాలు వెంట పోయే సన్న డ్రిప్పు పైపు వేస్తే ఎకరానికి సుమారు 3,350 మీటర్ల పైపు. నలభై సెంటీమీటర్లకొక డ్రిప్పర్ అంటే 8,400 డ్రిప్పర్లు. ఒక్కోటి గంటకు రెండు లీటర్లు వదిలేదైతే అన్నిటికీ కలిపి గంటకు 16,800 లీటర్లు కావాలి. మీ బోరు ఇచ్చేది 3,000. అంటే ఎకరాన్ని ఆరు ముక్కలు చేసి ఆరు గేట్‌వాల్వులు పెట్టాలి. డ్రిప్పు వేసినవాళ్లు మీకు ఎన్ని వాల్వులు పెట్టారు? చాలా చేలల్లో చూశాను, ఎకరానికి రెండు పెట్టి వెళ్తారు. గంటకు ఎనిమిది వేల లీటర్లిచ్చే బోరుకైతే అది సరిపోతుంది. మీ జనరేటర్ కాలంలో కూడా సాలు చివర మొక్కలు వాడిపోతుండేవా? అయితే కారణం ఇదే, మోటారు చిన్నదని కాదు. లేటరళ్లకు నీళ్లిచ్చే సబ్‌మెయిన్ పైపును కోసి ఇంకో నాలుగు వాల్వులు పెట్టించడానికి అయ్యే ఖర్చు 3 హెచ్‌పీకీ 5 హెచ్‌పీకీ మధ్య తేడా ముందు చాలా తక్కువ.

మామిడి లెక్క దీనికి తిరగబడి ఉంటుంది, అదే మీ అదృష్టం. నలభై చెట్లు, చెట్టుకు గంటకు ఎనిమిది లీటర్ల డ్రిప్పర్లు నాలుగు పెడితే, మొత్తం తోట గంటకు 1,280 లీటర్లే అడుగుతుంది. లేత ఎండలో మీ పంపు ఇవ్వగలిగేది కూడా సుమారు అంతే. పైగా తక్కువ తోడుతున్నప్పుడు బోరులో మట్టం అంత కిందికి పోదు, కాబట్టి ఎత్తాల్సిన ఎత్తు కూడా తక్కువ. పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా మామిడి. తొమ్మిది నుంచి మూడింటి దాకా టమోటా, గంటకొక వాల్వు, ఆరు వాల్వులు. మూడు నుంచి నాలుగున్నర దాకా మళ్లీ మామిడి. టమోటాకు 18,000, మామిడికి నాలుగు వేల పైన అందుతాయి. ఎరువు నీళ్లలో కలిపి వదిలేది పదకొండు, రెండు మధ్య పెట్టుకోండి. ఎరువును పైపులోకి పీల్చే వెంచురీ ప్రెషర్ తేడా మీద లాగుతుంది, లేత ఎండలో అది ఎరువు పీల్చదు, డబ్బాలో అట్లాగే ఉంటుంది. ఇంకా రెండు వేల లీటర్లు తక్కువయితే మల్చింగ్ షీటు వేయండి, లేకపోతే ఎండాకాలం టమోటాను ఎకరం కాకుండా తొంభై సెంట్లకు ఆపండి. ఆ పది సెంట్ల కోసం పెద్ద మోటారు తెచ్చినా బోరు ఒక్క చుక్క ఎక్కువ ఇవ్వదు.

దీనికి పంపు ఎంచుకునేటప్పుడు అడగాల్సిన మాట ఒకటే: "80 మీటర్ల దగ్గర గంటకు 3,000 లీటర్లు పోస్తుందా? కర్వ్ చూపించండి." ప్రతి పంపుకూ కంపెనీ ఒక పట్టిక ఇస్తుంది. కాస్త ఎక్కువ ఎత్తుకు, వంద మీటర్ల తరగతిది తీసుకుంటే ఎండ తగ్గినప్పుడు కూడా మామిడిని తడిపేంత ప్రెషర్ మిగులుతుంది. చూపించడానికి పట్టిక లేదన్నవాడి దగ్గర కొనొద్దు.

ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టి దాంట్లోంచి డ్రిప్పు వదలమని కూడా ఎవరో ఒకరు చెప్తారు. మామూలు డ్రిప్పుకు కిలో ప్రెషర్ కావాలంటే ట్యాంకు పది మీటర్ల ఎత్తున ఉండాలి. మూడంతస్తుల ఇల్లంత ఎత్తు. చేనిలో అంత కట్టలేం. నేల మీద ఒక పది వేల లీటర్ల తొట్టి ఉంటే మందు కలుపుకోవడానికీ గొడ్లకూ పనికొస్తుంది, అంతవరకే.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసేది ఏప్రిల్ కాదు, ఆషాఢం. మన సీమకు తెలిసిన సంగతే: నైరుతి మబ్బులు వస్తాయి, గాలి హోరెత్తిస్తుంది, వాన మాత్రం పడదు. ఆ గాలికి మొక్క నీళ్లు లాగుతూనే ఉంటుంది, పైన మబ్బుకు ప్యానెల్ సగం కూడా ఇవ్వదు. టమోటాకు నీళ్లు ఒకరోజు ఎక్కువ, రెండు రోజులు తక్కువ అయితే కాయ అడుగున నల్లమచ్చ, పగుళ్లు వస్తాయి. మదనపల్లె మార్కెట్లో ఆ కాయను ఏ లెక్కన పక్కన పడేస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి జూలై, ఆగస్టుల్లో కాపుకొచ్చే టమోటా వేస్తే అది ముప్పావు ఎకరం దాటకుండా చూసుకోండి. అక్టోబరు, నవంబరు మబ్బులతో ఇబ్బంది లేదు, అప్పుడు వానే తడుపుతుంది.

అలాంటి రోజుల కోసం జనరేటర్ దారి తెరిచి ఉంచుకోవచ్చా? ఉంచుకోవచ్చు, కానీ ఇక్కడ ఒక గొయ్యి ఉంది. సోలార్‌తో ఇచ్చే 3 హెచ్‌పీ ఏసీ మోటార్లు చాలావరకు తక్కువ వోల్టేజీకి చుట్టినవి. చూడటానికి మామూలు త్రీఫేజు మోటారులాగే ఉంటుంది. దానికి నేరుగా 415 వోల్టుల జనరేటర్ తగిలిస్తే కాలిపోతుంది, వారంటీ కూడా పోతుంది. కొనేముందే నేమ్‌ప్లేటు మీద వోల్టేజీ ఎంతో చూడండి, కంట్రోలర్‌కు జనరేటర్ గానీ కరెంటు గానీ కలిపే దారి ఉందో లేదో రాయించుకోండి. ఏసీ మోటారా డీసీ మోటారా అంటే, డీసీ అదే ఎండకు కాస్త ఎక్కువ నీళ్లు ఇస్తుంది. అయితే చెడితే కంపెనీ మనిషే రావాలి. ఏసీ మోటారును రాయచోటిలో వైండింగ్ చేసేవాళ్లు దొరుకుతారు. మీ ఇంట్లో మగమనిషి ఊళ్లో లేడు, ఎండాకాలం వారం రోజులు మోటారు ఆగితే పంట పోతుంది. నేనైతే ఏసీ తీసుకుంటాను.

కరెంటు కోసం ఆగాలా అని అడిగారు. స్తంభం మీ గట్టు పక్కనే ఉంటే సోలార్ ఊసే వద్దనేవాణ్ని. మన రాష్ట్రంలో సేద్యానికి 2004 నుంచి కరెంటు ఉచితం, ఇప్పుడు పగలు తొమ్మిది గంటలు ఇస్తున్నారు. ఉచితంగా వచ్చేదాన్ని వదులుకొని డబ్బు పెట్టి ప్యానెళ్లు కొనడంలో అర్థం లేదు. కానీ కిలోమీటరు లైను, మూడేళ్ల నుంచి వరుసలో పేరు, నెలనెలా డీజిల్. మీ పరిస్థితిలో సోలారే. కుసుమ్ పథకంలో విడిగా ఉండే సోలార్ పంపుల భాగం పెట్టిందే కరెంటు అందని చేల కోసం. 2019లో వచ్చిన ఆ పథకంలో ఏడున్నర హెచ్‌పీ వరకు కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం ఇస్తే మిగతా 40 రైతుది. మొత్తం ధరలో 30 శాతం వరకు బ్యాంకు లోను పెట్టుకోవచ్చు, అంటే చేతిలోంచి ముందు పెట్టాల్సింది పది శాతం. రాష్ట్రం ఏ ఏడాది ఎలా ఇస్తోందో మారుతుంటుంది, ఆఫీసులో అడిగి తెలుసుకోండి. ఇంకొకటి కూడా అడగండి: సబ్సిడీ సోలార్ తీసుకుంటే కరెంటు వరుసలో ఉన్న పేరు ఉంటుందా, తీసేస్తారా? నోటిమాట వద్దు, కాగితం మీద తీసుకోండి.

కాగితం అన్నాను కాబట్టి, ఐదేళ్ల మెయింటెనెన్సు ధరలోనే కలిసి ఉంటుంది. అది దయ కాదు, మీ హక్కు. ఫోన్ చేస్తే ఎన్ని రోజుల్లో వస్తారు, జిల్లాలో వాళ్ల సర్వీసు మనిషి ఎక్కడుంటాడు, దొంగతనానికీ పిడుగుకూ ఇన్సూరెన్సు ఎవరు కడతారు అన్నది సంతకం పెట్టకముందే అడగాలి. సంతకం అయ్యాక అడిగితే "చూద్దాం అమ్మా" అంటారు.

ప్యానెళ్లు ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మీకు మామిడి ఉంది. ఇవాళ నీడ పడని చోట ఐదేళ్లకు కొమ్మ నీడ పడుతుంది. ప్యానెళ్లన్నీ ఒకే దండలో కట్టి ఉంటాయి, ఒకదాని మూల మీద నీడ పడితే దండ మొత్తం నీరసిస్తుంది. చెట్లకు దక్షిణాన పెట్టించండి, ప్యానెల్ ముఖం కూడా దక్షిణానికే. మీ ఊరు 14 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, ఏడాదంతా కదపకుండా ఉంచితే వంపు కూడా దాదాపు అంతే. స్టాండు వంపు మార్చేదైతే ఎండాకాలం కాస్త పడుకోబెట్టండి. ఏప్రిల్ చివరి వారంలో మీకు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. పూర్తిగా పడుకోబెట్టొద్దు, దుమ్మూ నీళ్లూ జారాలి. వారానికోసారి ఎండ రాకముందే తడిబట్టతో తుడవాలి. కాలిన ప్యానెల్ మీద మిట్టమధ్యాహ్నం చల్లటి నీళ్లు కొట్టొద్దు. బోరునీళ్లలో ఉప్పు ఎక్కువైతే తెల్లమరకలు కడతాయి, వాననీళ్లు పట్టుకున్నవి ఉంటే వాటితో తుడవండి. పగలు ప్యానెళ్ల వైర్లు మాత్రం మీరు గానీ అత్తమ్మ గానీ ముట్టుకోవద్దు. స్విచ్ తీసినా ఎండ ఉన్నంతసేపు వైరులో మూడు నాలుగు వందల వోల్టుల డీసీ ఉంటుంది. ఇంట్లో కరెంటు షాక్ కంటే అది మొండిది, మెరుపులు కక్కుతుంది.

ఇంకో బోరు సంగతికి వస్తే, వద్దు. మీది రాతినేల. కొత్త బోరులో పడేది చాలాసార్లు పాత బోరు నీళ్లే. సోలార్ వచ్చాక ఇంకో ప్రమాదం కూడా ఉంది. డీజిల్ ఖర్చయ్యేటప్పుడు లీటరు లీటరుకూ లెక్క చూసుకున్న చెయ్యి, ఎండ ఊరికే వస్తుంటే వాల్వు కట్టడం మరిచిపోతుంది. గుజరాత్‌లో ఖేడా జిల్లా ధుండి అనే ఊళ్లో దీనికో ఉపాయం చేశారు. సోలార్ పంపుల రైతులు సహకార సంఘం పెట్టుకొని, తోడని రోజు కరెంటును లైనుకు అమ్ముకున్నారు. నీళ్లు తోడకపోతే డబ్బు వస్తుందంటే ఎవరైనా మోటారు ఆపుతారు. మీకు లైనే లేదు కాబట్టి ఆ దారి లేదు. మీకున్న దారి ఇంకో పాతది. 2000ల్లో ఉమ్మడి ఆంధ్రలో, అప్పటి కడప జిల్లాతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో ఏపీఫామ్‌గ్స్ అనే ప్రాజెక్టు నడిచింది. రైతులే బోరు మట్టం, వాన కొలిచి, రాసి, రబీలో ఏం వేయాలో ఊరంతా కూర్చొని చూసుకునేవాళ్లు. ఊరంతా కాకపోయినా మీరొక్కరే నెలకోసారి తాడు దించి క్యాలెండర్ మీద అడుగులు రాసుకోవచ్చు. దసరా నాటికి మట్టం నిరుటి కంటే ఇరవై అడుగులు కిందుంటే, ఎండాకాలం టమోటా ఎంత వేయాలో ఆ అంకెనే అడగండి. బోరు పక్కన ఇంకుడుగుంత, వాలు వైపు ఒక పంటకుంట ఉపాధి హామీలో తవ్వించుకోవడానికి ఇప్పుడే గ్రామసభలో పేరు రాయించండి. వానలకు ముందు తవ్వితేనే లాభం.

తెలంగాణ నుంచి ఇదే ప్రశ్న రాసిన ఇద్దరికి ఇక్కడే ఒక ముక్క: అటవీ హక్కుల పట్టా ఉన్న గిరిజన రైతులకు మీ దగ్గర 2025 మేలో ఇందిర సౌర గిరి జల వికాసం మొదలైంది, అమ్రాబాద్ మండలం మాచారంలో. అందులో రైతు వాటా లేదు. మీరు ఆ కోవలోకి వస్తే కుసుమ్ జోలికి పోకముందు గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏలో అడగండి. డ్రమ్ము లెక్క మాత్రం మీకూ తప్పదు.

చెల్లెమ్మా, డ్రమ్ము పట్టాక నాకు మళ్లీ రాయండి. గంట తోడాక ఎన్ని నిమిషాలకు నిండింది, నాలుగు గంటలు తోడాక ఎన్ని నిమిషాలకు నిండింది, రెండూ కావాలి. రెండో అంకె మొదటిదానికంటే బాగా పెరిగితే మీ బోరుకు 3 హెచ్‌పీ కూడా ఎక్కువే, అప్పుడు రెండు హెచ్‌పీ గురించి మాట్లాడుకుందాం. టమోటా డ్రిప్పుకు ఇప్పుడు ఎన్ని వాల్వులున్నాయో కూడా లెక్కపెట్టి రాయండి.